పై షడ్జమం కోసం ఊదితే పంచమం పలుకుతుంది

కొన్నేళ్లుగా శాక్సోఫోన్ వాయిస్తున్న ఒక పాఠకుడు ఇలా అడిగారు: "రెండింటికీ ఒకే రకం రీడు (ఊదితే అదిరే పలుచని రెల్లు పట్టీ), కీలూ దాదాపు అవే. మరి క్లారినెట్ పట్టుకోగానే వేళ్లెందుకు తడబడుతున్నాయి?" నాకు భలే నచ్చిన ప్రశ్న ఇది. దీని జవాబు గొట్టం ఆకారంలో ఉంది.

శాక్సోఫోన్ గొట్టం శంకువు. మౌత్‌పీస్ దగ్గర సన్నగా మొదలై చివరిదాకా వెడల్పవుతూనే పోతుంది. మన సన్నాయి కూడా అంతే. క్లారినెట్ లోపలి భాగం మాత్రం చాలా దూరం సుమారు 15 మి.మీ. వెడల్పుతో ఒకే తీరుగా సాగి, చివర్లో విచ్చుకుంటుంది. షడ్జమానికి వేళ్లు పెట్టి బొటనవేలి కీ నొక్కితే శాక్స్‌లో పై షడ్జమం వస్తుంది. క్లారినెట్‌లో పై షడ్జమాన్ని కూడా దాటేసి, దాని మీది పంచమం పలుకుతుంది. 12 అరస్వరాలు ఎక్కాల్సిన చోట 19 ఎక్కేస్తుంది!

ఎందుకంటే, రీడు వైపు గొట్టం మూసుకుని ఉన్నట్టే లెక్క. అక్కడ పుట్టిన ఒత్తిడి అల తెరిచి ఉన్న చివరకు వెళ్లి, తలకిందులై తిరిగొస్తుంది. రీడు దగ్గర మాత్రం తలకిందులవకుండానే వెనుదిరుగుతుంది. అందుకే మళ్లీ మొదటి స్థితికి రావాలంటే అది రెండుసార్లు పోయి రావాలి, అంటే గొట్టానికి నాలుగు రెట్ల దూరం. గాలి స్తంభం 60 సెం.మీ. అనుకుంటే తరంగదైర్ఘ్యం 2.4 మీటర్లు, సెకనుకు సుమారు 145 కంపనాలు. బీ-ఫ్లాట్ క్లారినెట్ అట్టడుగు స్వరం 147! ఇలాంటి గొట్టంలో 1, 3, 5 రెట్ల కంపనాలే బలంగా నిలుస్తాయి. రెండో రెట్టు, అంటే పై షడ్జమం, నిలవదు. మూడో రెట్టే ఆ పంచమం.

శంకువులో అల వ్యాపిస్తూ పోతుంది. అక్కడ ఒత్తిడిని శంకువు సన్నని కొన నుంచి ఉన్న దూరంతో గుణించి చూడాలి. ఆ లబ్ధం తిన్నని గొట్టంలో ఒత్తిడి పాటించే సమీకరణాన్నే పాటిస్తుంది. కొన దగ్గర దూరం సున్నా, తెరిచిన చివర ఒత్తిడి సున్నా. రెండు వైపులా సున్నాయే కాబట్టి 1, 2, 3 అన్నీ నిలుస్తాయి. అందుకే సొప్రానో శాక్స్ (తిన్నగా ఉండే చిన్న శాక్స్) దాదాపు క్లారినెట్ అంత పొడవున్నా, దాని అట్టడుగు స్వరం 208 కంపనాలు, క్లారినెట్ అంత కిందికి దిగదు. అడాల్ఫ్ శాక్స్ స్వయంగా క్లారినెట్ నేర్చినవాడు, బాస్ క్లారినెట్‌ను మెరుగుపరిచినవాడు. 1846లో శాక్సోఫోన్‌కు పేటెంట్ తీసుకునేటప్పటికి శంకువును ఎందుకు ఎంచుకున్నాడో ఆయనకు బాగా తెలుసు.

ఇక వేళ్ల సంగతి. ఎడమచేతి మూడు వేళ్లు మూస్తే శాక్స్‌లో జీ (G) అనే పాశ్చాత్య స్వరం. బొటనవేలి కీ నొక్కి వాయించే క్లారినెట్ పై వరుసలోనూ జీయే, నొక్కని కింది వరుసలో మాత్రం సీ (C). పై వరుస పాత చుట్టంలా పలకరిస్తుంది, కింది వరుసను కొత్తగా నేర్చుకోవాలి. అసలు టెన్షన్ ఈ రెండు వరుసల మధ్యలో ఉంది. చూపుడువేలు ఒక్కటే పనిచేసే 'ఏ' (A) స్వరం నుంచి పక్కనున్న బీ (B)కి వెళ్లాలంటే ఒక్కసారిగా వేళ్లన్నీ దిగాలి. శాక్స్‌లో రంధ్రాలను మూసేది ప్యాడ్లు, వేలు కొంచెం పక్కకు పడినా నడుస్తుంది. క్లారినెట్‌లో కొన్ని ముఖ్యమైన రంధ్రాలను వేలికొనే మూయాలి. వెంట్రుకవాసి సందున్నా గాలి కారి కీచుమంటుంది. అలా కీచుమన్నప్పుడు "గట్టిగా ఊదు" అనే గురువులున్నారు, అది నాకు అస్సలు నచ్చదు. అక్కడ లోపం వేలిది, ఊపిరిది కాదు. అట్టడుగు 'ఈ' (E) స్వరాన్ని నిండుగా పలికిస్తూ, పెదవి కదపకుండా బొటనవేలి కీ మాత్రం నొక్కించాలి. బీ దానంతటదే వస్తుంది. అది కుదిరాక, 'ఏ' స్వరం వాయించేటప్పుడే కుడిచేతి వేళ్లను ముందుగా మూసి ఉంచడం నేర్పాలి. శ్రుతి దాదాపు మారదు, దిగాల్సిన వేళ్లు సగమవుతాయి.

వేలికొన నేరుగా రంధ్రం మీద ఉండటంలో గొప్ప లాభమూ ఉంది. వేలిని మెల్లగా జరుపుతూ స్వరాన్ని జార్చవచ్చు. ఏ.కె.సి. నటరాజన్ వంటి విద్వాంసులు క్లారినెట్‌పై గమకాలు పలికించగలిగారంటే ఆ తెరిచిన రంధ్రాలు అందుకు ఎంతో తోడ్పడ్డాయి.