మిరప ఎరుపు, తొడిమ పచ్చ

గుంటూరులో మిరప వ్యాపారం చేసే మా మేనమామ గారు కారం పొట్లాలకు ఒక లేబులు, దానికి తోడుగా చిన్న వెబ్‌సైటు చేసిపెట్టమని రెండేళ్ల కిందట నాకు పురమాయించారు. పండు మిరపకాయ ఎరుపూ దాని తొడిమ పచ్చా పక్కపక్కన ఎంత ముచ్చటగా ఉంటాయో చిన్నప్పటి నుంచి చూస్తున్నవాణ్ని కనుక, మరో ఆలోచన లేకుండా ఆకుపచ్చ నేల మీద ఎర్రటి అక్షరాలు పరిచాను. కంప్యూటరు తెర మీద అది పండగలా కనిపించింది. అరండల్‌పేటలో ఒక జిరాక్సు దుకాణంలో దానికి నలుపు తెలుపు నకలు తీయిస్తే మాత్రం కాగితం మీద బూడిదరంగు పలక ఒకటే మిగిలింది. ‘ధర’ అన్న మాటను వెతికి పట్టుకోవలసి వచ్చింది. పట్టుకున్నాక కూడా ‘ధ’ కింద ఉండే చిన్న గీత మాయమై అది ‘దర’ అయి కూర్చుంది.

అమెరికాకు చెందిన చిత్రకారుడు, చిత్రకళ అధ్యాపకుడు ఆల్బర్ట్ మన్సెల్ 1905లో ప్రకటించిన పద్ధతి ప్రకారం ప్రతి రంగుకూ మూడు కొలతలుంటాయి: అది ఎరుపా, పసుపా, నీలమా అన్నది మొదటిది, ఎంత లేత, ఎంత ముదురు అన్నది రెండోది, ఎంత గాఢంగా ఉంది, ఎంత వెలిసినట్టుంది అన్నది మూడోది. రంగులు ఎంచుకోవడానికి కూర్చున్న వారిలో ఎక్కువ మంది మొదటి కొలత దగ్గరే ఆగిపోతారు. నేనూ అక్కడే ఆగాను. అక్షరాన్ని చదవగలగడం చాలావరకు రెండో కొలత చేతిలో ఉంటుంది.

దీనికి కారణం మన కంటి నిర్మాణంలో ఉంది. రెటీనాలో రంగును గుర్తించే శంకు కణాలు మూడు రకాలు కాగా, వెలుగు హెచ్చుతగ్గులనూ సన్నని అంచులనూ పసిగట్టే పని ప్రధానంగా పొడవైన, మధ్యస్థ తరంగదైర్ఘ్యాలకు స్పందించే రెండు రకాలదే. నీలం వైపు స్పందించే మూడో రకం కణాలు సంఖ్యలోనూ తక్కువే. అందువల్లనే తెర మీది రంగు వెలుగును లెక్కగట్టే సూత్రంలో ఆకుపచ్చకు 0.7152, ఎరుపుకు 0.2126, నీలానికి 0.0722 వంతున భారం ఇస్తారు. వెబ్ ప్రమాణాలు రూపొందించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం మార్గదర్శకాలు ఈ లెక్క ఆధారంగానే అక్షరానికీ నేలకూ మధ్య వెలుగు నిష్పత్తి మామూలు అక్షరాలకు కనీసం 4.5, పెద్ద అక్షరాలకు 3 ఉండాలంటాయి. తెలుపు మీద నలుపుకు వచ్చే 21 ఇందులో గరిష్ఠం. నా లేబులులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు (ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా ఉండే కొలతలో) అక్షరాలకు 183, 28, 28. నేలకు 46, 125, 50. లెక్కగడితే నిష్పత్తి 1.28 వచ్చింది. రెండు రంగులూ వేరు, వాటి వెలుగు దాదాపు ఒకటే.

ఈ లెక్క చేతికి వచ్చాక చాలా సంగతులు వాటంతట అవే విడిపోతాయి. దుగ్గిరాల పసుపును తలపించే నిండు పసుపురంగు తెల్ల కాగితం మీద 1.07 దగ్గరే చతికిలపడుతుంది. అదే నల్లటి నేల మీద 19 దాటుతుంది. నిండు నీలాన్ని నలుపు మీద రాస్తే 2.44 మాత్రమే. ఇక తెలుగు లిపిలో ఒత్తులు, తలకట్లు, ‘ద’ను ‘ధ’గా మార్చే సన్నగీతలు అక్షరం ఒడ్డున చిన్నవిగా ఉంటాయి కనుక, 4.5 అన్నది మనకు మరీ అంచున నిలబెట్టే అంకె అని నా అభిప్రాయం. 6 పైన ఉంటే నిశ్చింత.

ఎరుపు, ఆకుపచ్చల జంటకు ఇంకో చిక్కు ఉంది. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవారిలో సుమారు 8 శాతం మందికి ఈ రెంటినీ వేరుచేయడంలో పుట్టుకతోనే లోపం ఉంటుంది. సంబంధిత జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉండడం వల్ల ఆడవారిలో ఇది చాలా అరుదు. అలాంటివారికి రంగు తేడా అందదు. వెలుగు తేడా కూడా లేకపోతే నా లేబులు వారికి ఖాళీ కాగితమే.

లేత, ముదురు తేడాను గుంటూరు మిర్చి యార్డులో ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు. రంగు వెలిసిపోయిన తాలు కాయలను వేరుచేసి మంచి కాయల పక్కన పోసినప్పుడు, ఒకే జాతి ఎరుపు ముదురు నుంచి గడ్డిరంగు దాకా మెట్లుమెట్లుగా దిగిపోవడం కనిపిస్తుంది. కాయకు ఎరుపునిచ్చే క్యాప్సాంథిన్ వెలుతురుకూ గాలికీ క్షీణిస్తుంది. తాలు పక్కన చూస్తే మంచి కాయ మరింత ఎర్రగా తోస్తుంది కూడా. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకాల విభాగాన్ని పర్యవేక్షించిన రసాయన శాస్త్రవేత్త మిషెల్ షెవ్రల్, నల్ల దారం కళ తప్పుతోందన్న ఫిర్యాదును పరిశీలించి, దోషం అద్దకంలో కాక పక్క దారాల రంగుల్లో ఉందని తేల్చి 1839లో గ్రంథం వెలువరించాడు. ఏ రంగునూ విడిగా ఎంచుకోకూడదని నేను మొండిగా వాదించేది అందుకే.

రెండోసారి యార్డులో చూసిన మెట్లనే వాడుకున్నాను: నేలకు మీగడరంగు, అక్షరాలకు అదే ముదురు ఎరుపు, ఆకుపచ్చ మాత్రం బొమ్మలోని తొడిమకు. నిష్పత్తి 6.2 వచ్చింది. అరవై, ముప్పై, పది పాళ్లలో మూడు రంగులు పంచాలని డిజైనర్లు చెప్పే సూత్రం నాకు అంతగా నచ్చదు. తొడిమకు పదో వంతు ఇస్తే అది కాయను మింగేస్తుంది.

తెర వెలుగును కలుపుతూ రంగు పుట్టిస్తుంది, అచ్చుసిరా కాగితం మీద పడ్డ వెలుగులోంచి కొంత మింగేసి రంగు చూపిస్తుంది కనుక, తెర మీది ఎరుపు ప్రెస్సులో కొంచెం చల్లారి వచ్చింది. మామయ్య గారు నమూనా కాగితాన్ని ట్యూబులైటు కింద చూడనే లేదు. మిరప మచ్చు చూసేటప్పటి అలవాటుతో గుమ్మం బయటికి, ఎండలోకి తీసుకెళ్లి, దాని మీద గుప్పెడు కాయలు పోసి, “ఇంకాస్త ముదరనియ్యిరా” అన్నారు.