వీల్‌చైర్‌లో పసుపు చేట: ఏజెన్సీలో ఆక్యుపేషనల్ థెరపీ, అపోహలు - వాస్తవాలు

ఆసుపత్రి భాషలో ఓటీ అంటే ఆపరేషన్ థియేటర్. ఉద్యోగంలో చేరిన కొత్తలో "నేను ఓటీనండీ" అని చెప్పుకుంటే, ఒక వార్డు బాయ్ పాపం నన్ను థియేటర్ తలుపు దాకా తీసుకెళ్లి దిగబెట్టాడు. సరే అని ఆక్యుపేషనల్ థెరపిస్టునని పూర్తి పేరు చెప్తే ఇంకో తంటా. "ఆక్యుపేషన్ అంటే ఉద్యోగం కదా, మా తమ్ముడికి ఏదైనా చూడండి మేడం" అంటారు.

తొమ్మిదేళ్లుగా పాడేరు ఏజెన్సీలో తిరుగుతున్నాను. ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) కింద ఉన్న 11 మండలాల్లో ఎక్కువగా హుకుంపేట, డుంబ్రిగుడ, ముంచంగిపుట్టు వైపు. ఈ పని గురించి నేను విన్న అపోహలు కొన్ని రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్తున్నా. వీటిలో గూడేల్లో పుట్టినవి తక్కువ. చాలావరకు మైదానం నుంచి మనం బస్సులో వేసుకొచ్చినవే. ఒకటి రెండు నేనే మోసుకొచ్చాను.

అపోహ: ఓటీ అంటే ఫిజియోథెరపీకే ఇంకో పేరు.

ఇద్దరం పక్కపక్కనే పనిచేస్తాం, అంతే. ఫిజియోథెరపిస్టు కండరం బలం, కీలు కదలిక, నడక చూస్తారు. మేం పని చూస్తాం. పని అంటే జీతం వచ్చేది ఒక్కటే కాదు. మొహం కడుక్కోవడం, చీర కట్టుకోవడం, అంబలి తాగడం, నీళ్లు మోయడం, పిల్లని చంకనెత్తుకోవడం, పండగకి ఆడటం, అన్నీ పనులే. ఒక్కో పనిని ముక్కలు చేసి, ఏ ముక్క దగ్గర చేయి ఆగిపోతోందో పట్టుకోవాలి. ఆ తర్వాత మనిషికి కొత్త పద్ధతి నేర్పుతామా, పనిముట్టు మారుస్తామా, పని చేసే చోటు మారుస్తామా అన్నది చూసుకుంటాం.

మన దేశంలో ఈ చదువు 1950లో బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో మొదలైంది. అమెరికాలో పుట్టి మన దేశపు కోడలైన కమలా నింబ్కర్ మొదలుపెట్టారు. ఇన్నేళ్లయినా "ఆపరేషన్ థియేటరా?" అని అడుగుతూనే ఉన్నారు, ఏం చేస్తాం.

అపోహ: చీర కట్టుకోవడం, తినడం లాంటివి ఎక్కడైనా ఒకటే. కాలేజీలో నేర్చుకున్నది చాలు.

ఇది నాదే. చేరిన ఏడాది పక్షవాతంతో కుడిచేయి పడిపోయిన ఒక అమ్మకి, ఒంటిచేత్తో చీర కట్టుకోవడం నేర్పించాను. కుచ్చిళ్లు ఎలా పెట్టాలి, క్లిప్పు ఎక్కడ పెట్టాలి, పైట ఎలా తిప్పాలి, అన్నీ. వారం రోజులు నేర్పాను. ఆవిడ నవ్వుతూ చూసేది. శ్రద్ధగా వింటోందనుకున్నాను.

నెల తర్వాత వాళ్ల ఊరెళ్లాను. ఆవిడ చీరకి కుచ్చిళ్లే లేవు. ఆ ఊళ్లో పెద్దవాళ్లు చీరని పిక్కల పైకి చుట్టి భుజం మీద ముడి వేసుకుంటారు. ఆవిడ ఒక కొస పళ్లతో పట్టుకుని, రెండోది ఎడమచేత్తో లాగి, నేను చూస్తుండగానే ముడి బిగించేసింది. ఎవరూ నేర్పలేదు. ఆసుపత్రిలో నన్ను నొప్పించడం ఇష్టం లేక ఊరుకుందట.

ఆవిడకి అసలు కావాల్సింది తిరగలి. చోళ్లు (రాగులు) విసరలేకపోతోంది, కోడల్ని అడగాల్సి వస్తోంది, అదీ బాధ. దాని పిడి సన్నగా ఉంది. గుడ్డ చుట్టి, పైన పాత సైకిల్ ట్యూబు బిగించి లావు చేశాం. పడిపోయిన చేయి కింద, మంచి చేయి పైన పెట్టి, రెండూ కలిపి పట్టుకోమన్నాను. ముందు వట్టి రాయి తిప్పించాను, తర్వాత పిడికెడు చోళ్లు. తిరగలి గుండ్రంగా తిరుగుతుంటే భుజం ముందుకీ వెనక్కీ దానంతట అదే కదులుతుంది. ఆసుపత్రిలో అదే కదలిక కోసం గోడకి చక్రం బిగిస్తాం, రోగి పది తిప్పులకే విసుక్కుంటాడు. ఈవిడ చోళ్లు అయ్యేదాకా లేవలేదు.

మరి పండగకి ఆడే థింసా నాట్యం సంగతేంటని అడిగాను, దానికీ ఏదో ఒకటి తయారుచేద్దామనే ఉత్సాహంతో. "అందులో నా చేయి పట్టుకోడానికి పక్కన మనిషి ఉంటాది కదా" అంది. నిజమే, థింసాలో ఒకరి నడుము వెనక నుంచి ఇంకొకరు చేతులు కలుపుకుని వరసగా ఆడతారు. అక్కడ నాకు పనే లేదు.

అపోహ: వీల్‌చైర్ ఇచ్చేస్తే సమస్య తీరినట్టే.

క్యాంపు పెడతారు, ఫోటో తీస్తారు, వీల్‌చైరో మూడు చక్రాల బండో ఇస్తారు. ఊరికి వెళ్లి చూస్తే ఆ కుర్చీలో పసుపు కొమ్ముల చేట ఉంటుంది. ఇంకో ఇంట్లో కోడిపెట్ట పొదిగింది. వస్తువు విలువ తెలియదని మనవాళ్లు విసుక్కుంటారు. నాకు మాత్రం వాళ్లు తెలివిగానే వాడుకున్నట్టు అనిపిస్తుంది. దారి రాళ్లమయం, వాకిట్లోకి మూడు మెట్లు, గుమ్మం వంగితే గాని పట్టదు, వంటా భోజనం పడకా అన్నీ నేల మీదే. కుర్చీ ఎత్తులో కూర్చున్నవాడికి ఆ ఇంట్లో ఏదీ అందదు.

కల్లు తీసే జీలుగు చెట్టు మీంచి జారిపడి నడుం కింద స్పర్శ పోయిన ఒకాయన ఉన్నాడు. చక్కటి వీల్‌చైర్ వచ్చింది. పడుకునే చోటు నుంచి అందులోకి, అందులోంచి బయటికి మార్చడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఇంట్లో ఉన్నది భార్య ఒక్కతే, ఆమె పొలానికి వెళ్లాలి. మేం చేసిందేంటంటే, ఇంటి గుమ్మం నుంచి మరుగుదొడ్డి దాకా నడుం ఎత్తులో కాకుండా, నేల మీద కూర్చున్నవాడి చేతికందే ఎత్తులో రెండు వరసల వెదురు బొంగులు పాతాం. వాటిని పట్టుకుని ఒళ్లు పైకి లేపి, ముందుకి జరుగుతాడు. ఈడ్చుకోకూడదు, లేపాలి. స్పర్శ లేని చోట ఒరిపిడి పడితే పుండు పడుతుంది, ఒకసారి పడితే నెలల తరబడి మానదు. అందుకే బండి ట్యూబులో కొద్దిగా గాలి ఉంచి, దుప్పటి చుట్టి, మెత్త చేశాం. కూర్చున్నప్పుడు అరగంటకోసారి చేతుల మీద లేవాలి. భార్య పొలంలో ఉంటే ఎవరు గుర్తుచేస్తారని అడిగితే పక్కింటి పిల్లలు ఆ డ్యూటీ తీసుకున్నారు. "మామా, లే!" అని అరిచి పారిపోతారు.

వీల్‌చైర్ వద్దని కాదు నేను చెప్పేది. ముందు ఒకే పెద్ద చక్రం ఉండే పొడుగాటి రకం గతుకుల్లో బాగానే నడుస్తుంది. కొలతలు తీసేటప్పుడు మనిషితో పాటు గుమ్మాన్నీ కొలవండి, అంతే.

అపోహ: అడవి గాలి, కష్టం చేసే ఒళ్లు. వాళ్లకి జబ్బులు తక్కువ.

సికిల్ సెల్ గురించి ఒక్క మాట చెప్తే ఇది తేలిపోతుంది. వంశపారంపర్యంగా వచ్చే ఈ రక్తపు జబ్బు మన దేశంలో ఆదివాసీల్లో ఎక్కువ. దీని నిర్మూలనకి 2023 జులైలో జాతీయ మిషన్ మొదలైంది, గడువు 2047. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఇదీ ఒకటి. బయటికి ఏమీ కనబడదు. అదే దీనితో వచ్చిన చిక్కు.

ఒక హాస్టల్లో పన్నెండేళ్ల కుర్రాణ్ని బద్ధకస్తుడని నాకు చూపించారు. చలికాలంలో లేవడట, ప్రార్థనలో నిలబడలేడట. సికిల్ సెల్ ఉన్నవాళ్లకి చలి, ఒంట్లో నీళ్లు తగ్గడం, అతిగా అలసిపోవడం, ఈ మూడింటితో నొప్పులు ముంచుకొస్తాయి. మరి లంబసింగి, చింతపల్లి చలి ఎలా ఉంటుందో తెలిసిందే. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం ఆ పిల్లాడికి శిక్ష కిందే లెక్క. మందులు డాక్టరు గారు చూసుకున్నారు. నేను చేసింది చిన్నవి: వేణ్నీళ్లు, పక్కనే నీళ్ల సీసా, ఇంకో దుప్పటి, ప్రార్థనలో కూర్చునే అనుమతి. వార్డెన్ "మిగతా పిల్లలూ అడుగుతారు కదా మేడం" అన్నాడు. అడగనివ్వండి, వేణ్నీళ్లు ఎవరికి చేదు?

ఈ జబ్బున్న పెద్దవాళ్లలో కొందరికి తుంటి ఎముక తల రక్తం అందక దెబ్బతింటుంది. గొంతుక్కూర్చోవడమే కష్టం. పాత కుర్చీకి రంధ్రం కోసి మరుగుదొడ్డి మీద పెడితే సగం బాధ తగ్గుతుంది.

అపోహ: సెరిబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ పట్టుతప్పే సమస్య) ఉన్న పిల్లలకి సెంటర్లో పెట్టే థెరపీయే థెరపీ. ఇంట్లో తల్లి చేసేదేమీ ఉండదు.

సెంటర్లో వారానికి ముప్పావు గంట. మిగతా వారమంతా ఆ పిల్లాడు తల్లి నడుం మీదే ఉంటాడు. ఇక్కడి తల్లులు బిడ్డని గుడ్డతో ఒంటికి కట్టుకుంటారు, కాళ్లు చెరోవైపు విడిచి. బిగుసుకుపోయి కత్తెరలా ముడుచుకునే కాళ్లకి అంతకన్నా మంచి పొజిషన్ లేదు. మేం ఆసుపత్రిలో అదే పొజిషన్ కోసం ఖరీదైన దిండ్లు వాడతాం. "బిడ్డకి పట్టేస్తుందేమో, అలా కట్టకు" అని ఎవరో సలహా ఇస్తే మానేసిన తల్లులున్నారు. మళ్లీ కట్టించడానికి నాకు ఒక పూట పట్టింది. పిల్లాడు పెద్దయి బరువెక్కితే నున్నటి దుంగ మీద అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోబెట్టొచ్చు.

మార్చాల్సింది మాత్రం ఒకటుంది, తాగించే పద్ధతి. ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి, అంబలి గొంతులో పోస్తారు. పిల్లాడు దగ్గుతాడు. కొంత ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తరచూ నెమ్ము చేస్తోందంటే నేను మొదట అడిగేది ఇదే: "ఎలా పడుకోబెట్టి తాగిస్తున్నావమ్మా, ఒకసారి చూపించు." రెండు గోడలు కలిసే మూలలో, అటూ ఇటూ గుడ్డ చుట్టలు పెట్టి నిటారుగా కూర్చోబెట్టాలి. గడ్డం కాస్త కిందికి ఉండాలి. అంబలి పల్చగా కాకుండా కాస్త చిక్కగా, చెంచాతో, మింగాకే రెండోది. అయ్యాక అరగంట పడుకోబెట్టకూడదు. ఇంతే. కానీ పది నిమిషాల పని ముప్పావు గంట అవుతుంది, ఆ టైము తల్లికి ఎక్కడిది? అందుకే ఎప్పుడు వెళ్లినా అమ్మమ్మని, పెద్దక్కని కూడా కూర్చోబెట్టి నేర్పుతాను.

అపోహ: వాళ్లు దిసారి (గూడెంలో పూజలు, వైద్యం చేసే పెద్ద) మాటే వింటారు, మన మాట వినరు.

రెండూ వింటారు. మనం ఆయుర్వేదం, అలోపతి, తాయెత్తు మూడూ వాడమా? ఒక దిసారి మనవడికే కాలిన చేయి ముడుచుకుపోయింది. మూర్ఛ వచ్చి పొయ్యిలో పడ్డాడు. స్ప్లింట్ (చేయి ముడుచుకోకుండా ఆనించి కట్టే బద్ద) ఎలా కట్టాలో ఆ తాతకే నేర్పాను. నాకన్నా బాగా కడతాడు. మూర్ఛ మందు మానొద్దని ఊళ్లో ఇప్పుడు చెప్పేది కూడా ఆయనే.

అపోహ: పింఛను పోతుందని బాగుపడరు.

ఏసీ గదుల్లో ఈ మాట చాలాసార్లు విన్నాను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను నెలకి ₹6,000, మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైన వాళ్లకి ₹15,000. గూడెంలో అది చిన్న మొత్తం కాదు. కాబట్టి భయం ఉంది, ఆ భయం ఉత్తినే పుట్టలేదు. తనిఖీకి వచ్చిన వాళ్ల ముందు లేచి నిలబడాలా వద్దా అని ఒకాయన నన్నే అడిగాడు. కానీ వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ కొలిచేది శాశ్వత లోపాన్ని. చిన్నప్పటి పోలియోతో సన్నబడిన కాలు, కర్ర పట్టుకుని సంతకి వెళ్లడం నేర్చుకున్నంత మాత్రాన లావెక్కదు, పర్సెంటేజీ మారదు. ఇది ఓపిగ్గా చెప్తే అర్థం చేసుకుంటారు. నా అనుభవంలో, నిలబడగలిగి కూడా పడుకుని ఉండే మనిషిని చూడలేదు. పడుకుని ఉండటం ఎంత విసుగో పడుకున్నవాళ్లకే తెలుసు.

అపోహ: రమ్మంటే రారు, శ్రద్ధ లేదు.

కాఫీ పళ్లు కోసే నవంబరు, డిసెంబరుల్లో సోమవారం పదింటికి రమ్మంటే ఎవరు వస్తారు? నేను సంత రోజుకి మార్చుకున్నాను. సంతకి ఎలాగూ దిగుతారు. ఆశా అక్క ముందురోజే కబురు పెడుతుంది. పన్నెండింటికి పని మొదలుపెడితే మూడింటికి ఖాళీ.

అపోహ: సామాను లేకుండా థెరపీ ఏంటి?

నా సంచిలో ఉండేవి: గుడ్డ పట్టీలు, టేపు, కత్తెర, కొలతల తాడు, పీవీసీ పైపు ముక్కలు, పాత ట్యూబులు. పైపుని నిలువునా కోసి, మరిగే నీళ్లలో పెడితే మెత్తబడుతుంది, కావాల్సిన వంపు వస్తుంది. బాగా చల్లారాక, లోపల మెత్తటి గుడ్డ వేసి కట్టాలి, వేడిగా ఉండగా ఒంటికి తగలనివ్వకూడదు. వేళ్ల పని కావాలంటే అడ్డాకులు ఉన్నాయి. వెదురు పుల్లతో విస్తరి కుట్టడం చూడండి, ఒక చేయి ఆకు పట్టుకోవాలి, రెండో చేయి పుల్ల గుచ్చి విరవాలి, బొటనవేలు చూపుడువేలు కలవాలి. కుష్ఠు వల్ల స్పర్శ తగ్గిన చేతులకి మాత్రం అది ఇవ్వను, గుచ్చుకున్నా తెలియదు. వాళ్లకి గిన్నె పిడికి, కత్తి పిడికి మందంగా ట్యూబు చుట్టి ఇస్తాను.

ట్యూబులు పంక్చర్ షాపులో ఊరికే దొరుకుతాయి. మా రోడ్డు మీద షాపాయన నా కోసం పక్కన పడేసి ఉంచుతాడు. నేనేం పని చేస్తానో ఆయనకి రెండుసార్లు చెప్పి మానేశాను. ఫోన్లో నా నంబరు "ట్యూబుల మేడం" అని ఉంది.