లారెన్స్‌కి ముందే తెలుసు: ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ వెనకున్న చరిత్ర

మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీ మీద తిరగబడ్డ అరబ్బులతో కలిసి పోరాడిన బ్రిటిష్ అధికారి టి.ఇ. లారెన్స్ మీద డేవిడ్ లీన్ తీసిన ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ సినిమా 1962 డిసెంబరులో విడుదలై ఏడు ఆస్కార్లు గెలుచుకుంది. దాని మీద గొడవ మాత్రం ఇప్పటికీ తెగలేదు. తెర మీద ఉన్నది తన అన్నే కాదన్నాడు లారెన్స్ తమ్ముడు ఆర్నాల్డ్. తమ పెద్దాయన్ని డబ్బు మనిషిగా చూపించారని అరబ్ తెగ నాయకుడు అవుదా అబూ తాయి వారసులు కోర్టుకెక్కారు. ఇవన్నీ నిజమైన ఫిర్యాదులే. నాకు మాత్రం వీటన్నిటికంటే పెద్దదిగా కనిపించే ప్రశ్న వేరే ఉంది: అరబ్బులకిచ్చిన మాట నిలబడదని లారెన్స్‌కి ఎప్పుడు తెలిసింది?

టర్కీ మీద తిరగబడితే అరబ్బుల స్వాతంత్ర్యాన్ని గుర్తిస్తామంటూ 1915లో ఈజిప్టులోని బ్రిటిష్ హైకమిషనర్ మెక్‌మాన్ మక్కా షరీఫ్ హుస్సేన్‌కి ఉత్తరాలు రాశాడు. ఎల్లలు మాత్రం స్పష్టంగా చెప్పలేదు. 1916 మేలో బ్రిటన్, ఫ్రాన్స్ అదే నేలని రహస్యంగా పంచేసుకున్నాయి. అదే సైక్స్-పికో ఒప్పందం. హుస్సేన్ తిరుగుబాటు జెండా ఎత్తింది ఆ తర్వాత, జూన్‌లో. అంటే అరబ్బులు తుపాకి పట్టేసరికే పంపకాలు అయిపోయాయి.

లారెన్స్ అప్పటికి కైరోలో సైనిక గూఢచారి విభాగంలో పనిచేస్తున్నాడు. అంతకుముందు సిరియా సరిహద్దులోని కార్కెమిష్‌లో పురావస్తు తవ్వకాలు చేసినవాడు, అరబిక్ వచ్చినవాడు. 1916 ఏప్రిల్‌లో ఇరాక్‌లోని కూత్‌లో టర్కీ ముట్టడిలో చిక్కుకున్న సైన్యాన్ని లంచమిచ్చి విడిపించడానికి బ్రిటిష్‌వాళ్లు పంపిన ముగ్గురిలో అతనొకడు. బేరం కుదరలేదు. లొంగిపోయిన ఆ సైన్యంలో ఎక్కువమంది మన భారతీయ సిపాయిలే.

సినిమాలో సైక్స్-పికో సంగతి లారెన్స్‌కి చాలా ఆలస్యంగా, బ్రిటిష్ సేనాని జనరల్ అలెన్‌బీ గదిలో తెలుస్తుంది. నీకు అనుమానమైనా ఉండే ఉంటుందని ఒక పాత్ర అంటుంది, అంతటితో సరి. అసలు లారెన్స్ తన గురించి ఇంకా నిర్దయగా రాసుకున్నాడు. యుద్ధం గెలిస్తే ఆ హామీలు చిత్తుకాగితాలేనని తనకి తెలుసని, నిజాయితీ ఉన్న సలహాదారునైతే ఆ మనుషుల్ని ఇళ్లకి పంపేసేవాణ్ణని తన యుద్ధ జ్ఞాపకాల పుస్తకం ‘సెవెన్ పిల్లర్స్ ఆఫ్ విజ్‌డమ్’ కోసం రాసిన తొలి అధ్యాయంలో ఒప్పుకున్నాడు. మోసపోయిన వీరుడికీ, తెలిసే నడిపించినవాడికీ చాలా తేడా ఉంది. సినిమా మొదటివాడి వైపే మొగ్గింది.

లారెన్స్ దళంలోని గాసిమ్ కథ చూడండి. 1917లో టర్కీ చేతిలో ఉన్న అకాబా రేవు పట్టుకోవడానికి వెళ్లే దారిలో అతని ఒంటె రౌతు లేకుండా వచ్చింది. లారెన్స్ ఒంటరిగా వెనక్కి వెళ్లి అతన్ని వెతికి తెచ్చాడు. ఇది జరిగిందే. సినిమాలో అదే గాసిమ్‌ని (ఆ పాత్ర వేసింది మన ఐ.ఎస్. జోహర్) లారెన్స్ తర్వాత కాల్చి చంపుతాడు. నిజంగా అతను కాల్చింది హమీద్ అనే మొరాకో మనిషిని, అదీ గాసిమ్ ఘటనకి ముందే. హమీద్ చేసిన ఒక హత్య పగలకి దారితీసి దళం చీలిపోకుండా, జ్వరంతో ఉండి మరీ ఆ పని తనే చేశాడు. స్క్రీన్‌ప్లేగా చూస్తే రెండిటినీ కలపడం గొప్ప ఎత్తే, కాదనను. కానీ అసలు హమీద్ తెర మీద మిగల్లేదు.

మిగలని వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. 1918 నాటికి అలెన్‌బీ అశ్వికదళంలో భారతీయ రెజిమెంట్లు చాలా ఉన్నాయి. పాలస్తీనాలోని హైఫా పట్టుకున్న బ్రిగేడ్‌లో జోధ్‌పూర్, మైసూరు దళాలతో పాటు నిజాం పంపిన హైదరాబాద్ లాన్సర్లూ ఉన్నారు. ఢిల్లీ తీన్ మూర్తిలో ఉన్న మూడు విగ్రహాలు ఆ మూడు సంస్థానాల దళాలవే.

ఇక డమాస్కస్. 1918 అక్టోబరు 1న తెల్లవారుజామున ముందు అడుగుపెట్టింది ఆస్ట్రేలియా గుర్రపు దళం. సినిమాలో అరబ్బులు ముందే చేరి, సభలో కొట్టుకుని, కరెంటు కూడా నడపలేక చేతులెత్తేస్తారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ ఘట్టమే. షరీఫ్ హుస్సేన్ కొడుకు ఫైసల్ ప్రభుత్వం అక్కడ దాదాపు రెండేళ్లు నడిచింది. సిరియన్ కాంగ్రెస్ అనే ప్రతినిధుల సభ రాజ్యాంగ ముసాయిదా కూడా రాసుకుంది. దాన్ని కూల్చింది చేతకానితనం కాదు, 1920 జూలైలో మైసలూన్ దగ్గర ఫ్రెంచి సైన్యం. మరుసటి ఏడాది ఫైసల్‌ని ఇరాక్ సింహాసనం ఎక్కించాలని బ్రిటన్ కైరోలో నిర్ణయించినప్పుడు చర్చిల్‌కి సలహాదారుగా కూర్చున్నది లారెన్సే.