శిల్ప వనం ఎవరిది? ఆరుబయటి సమకాలీన శిల్పాల వెనుక ఉన్న చరిత్ర

ఒక నగరం తన చేతిలో ఉన్న ఖాళీ స్థలాన్నో, పాత ఉద్యానవనాన్నో సమకాలీన శిల్పాలకు అప్పగించాలని తలపెట్టినప్పుడల్లా దాదాపు ఒకే రకమైన వివాదం రేగుతుంది. శిల్పాలను ఎవరు ఎంపిక చేస్తారు, అందులో ప్రజాధనం ఎంత, నిర్వహణ భారం ఎవరిది అని పైకి వినిపించే ప్రశ్నల అడుగున అసలు ప్రశ్న మరొకటి ఉంటుంది. ఆ స్థలం చుట్టూ నివసించే జనం అక్కడ ప్రేక్షకులు మాత్రమేనా, లేక దానిపై హక్కున్నవారా? రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన నాటి నుంచి ఈ ప్రశ్నకు వేర్వేరు దేశాలలో వేర్వేరు సమాధానాలు వచ్చాయి. నేటి వివాదాలు అర్థం కావాలంటే ఆ సమాధానాలు ఎలా వచ్చాయో తెలియాలి.

శిల్పం ఆరుబయట ఉండటం కొత్త విషయం కాదు. అయితే అనాదిగా దేవుడి కోసమో, రాజు కోసమో, యుద్ధంలో గెలిచినవాడి కోసమో నిలబెట్టిన విగ్రహం తానెందుకు అక్కడ ఉన్నదో చూసేవాడికి చెప్పకనే చెప్పేది. ఇరవయ్యో శతాబ్దపు శిల్పి ఎవరి స్మృతికీ కట్టుబడకుండా, కొన్నిసార్లు ఏ ఆకారాన్నీ పోలకుండా చేసిన రాయి, కంచు, ఉక్కు రూపాలకు ఆ సౌలభ్యం లేదు. వాటిని బహిరంగ స్థలంలో ఎందుకు పెట్టాలో ఎవరో ఒకరు వివరించి, జనాన్ని ఒప్పించవలసి వచ్చింది.

1921లో నార్వేలోని ఓస్లో నగరంతో కుదిరిన ఒప్పందం ప్రకారం గుస్టావ్ విగెలాండ్ తన జీవితకాలపు కృషిని నగరానికి ధారపోయగా, ఫ్రోగ్నర్ పార్కులో రెండు వందలకు పైగా శిల్పాలు కొలువుదీరాయి. 1931లో అమెరికాలోని దక్షిణ కరొలినాలో హంటింగ్టన్ దంపతులు పాత వరి తోటల భూమిలో బ్రూక్‌గ్రీన్ గార్డెన్స్‌ను నెలకొల్పారు. ఇవి రెండూ గొప్పవే. కానీ మొదటిది ఒకే శిల్పి లోకం, రెండవది ఒక సంపన్న కుటుంబపు అభిరుచి. పౌరులందరికీ చెందిన స్థలంలో నానా శిల్పుల కొత్త పనిని ఉంచి, దాన్ని ప్రజాజీవితంలో భాగం చేయాలన్న ఆలోచన యుద్ధ శిథిలాల మధ్య నుంచి పుట్టింది.

1948లో లండన్ కౌంటీ కౌన్సిల్ థేమ్స్ ఒడ్డున ఉన్న బాటర్సీ పార్కులో ఆరుబయటి శిల్ప ప్రదర్శనను ఏర్పాటు చేసింది. అప్పటికి బాంబుల గాయాలు మానలేదు, ఆహారంపై రేషన్ ఎత్తివేయలేదు, అదే పార్కులో కొంత భాగం యుద్ధకాలంలో కూరగాయల మడులుగా మారింది. అటువంటి సమయంలో రోడాన్, మైయోల్ వంటి పాత తరం శిల్పుల పక్కన ఆనాటి బ్రిటిష్ శిల్పులు హెన్రీ మూర్, బార్బరా హెప్‌వర్త్‌ల పనులను పచ్చికపై నిలిపితే చూడటానికి లక్షన్నరకు పైగా జనం వచ్చారు. మూర్ ఆ ప్రదర్శన కోసం రాతిలో చెక్కిన ‘నిలుచున్న మూడు రూపాలు’ ఇప్పటికీ బాటర్సీలోనే ఉన్నాయి. మరుసటి ఏడాది నెదర్లాండ్స్‌లో, 1944 నాటి పోరులో ధ్వంసమైన ఆర్నెమ్ నగరం సోన్స్‌బేక్ పార్కులో అటువంటి ప్రదర్శనే నిర్వహించింది. 1950లో బెల్జియంలోని యాంట్‌వర్ప్ అదే బాట పట్టింది. అక్కడి మేయర్ లోడే క్రేబెక్స్ ఒక అడుగు ముందుకు వేసి, ప్రదర్శన ముగిశాక శిల్పాలను వెనక్కి పంపి ఊరుకోకుండా మిడ్డెల్‌హైమ్ పార్కును శాశ్వత ఆరుబయటి ప్రదర్శనశాలగా మార్చారు. అక్కడ ప్రవేశం నేటికీ ఉచితమే. ఈ మూడు సందర్భాలలోనూ ముందుకు వచ్చినవి నగర పాలక సంస్థలు కావడం గమనార్హం. కూలిన ఇళ్లను కట్టుకుంటూనే కళకు చోటివ్వడం పౌరజీవితాన్ని తిరిగి నిలబెట్టడంలో భాగమేనని ఆ పాలకులు నమ్మారు. వారి నమ్మకం ఎంత విలువైనదో ఈ చరిత్ర మొత్తం చదివినవారికి తెలుస్తుంది.

అయినా ఆ తొలి ప్రదర్శనలలో ఒక లోటు ఉంది. స్టూడియోలో పూర్తయిన శిల్పాన్ని తెచ్చి పచ్చికపై పెట్టడమే తప్ప, ఆ నేలకూ శిల్పానికీ మధ్య సంబంధం ఏమీ లేదు. ఆ లోటు మొదట ఆస్ట్రియాలో తీరింది. 1959లో కార్ల్ ప్రాంట్ల్ అనే శిల్పి సాంక్ట్ మార్గరెటెన్ గ్రామపు రాతి గనిలో వివిధ దేశాల శిల్పులను ఒకచోట చేర్చారు. వియన్నాలోని సెయింట్ స్టీఫెన్స్ చర్చికి రాయి వెళ్లింది ఈ గని నుంచే. గదులు, గ్యాలరీలు లేకుండా ఎండలో, గాలిలో, రాయి పుట్టిన చోటే దానిపై పని చేయడం అక్కడి పద్ధతి. కమ్యూనిస్టు దేశాలకూ పాశ్చాత్య దేశాలకూ మధ్య ‘ఇనుప తెర’ ఐరోపాను రెండుగా చీల్చిన కాలంలో ఉభయ పక్షాల శిల్పులు పక్కపక్కన ఉలి పట్టుకోగల చోటుగా ఇటువంటి శిబిరాలు విస్తరించాయి. 1961లో స్లొవేనియాలో, 1962లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో ఇవి జరిగాయి. శిల్పి పని చేస్తుండగా ఊరివారు దగ్గర నిలబడి చూడటం, మాట్లాడటం అక్కడ సహజంగా జరిగిపోయింది. తరువాతి కాలపు శిల్ప వనాలలో మెరుగైనవన్నీ ఈ పద్ధతి నుంచి ఎంతో కొంత తీసుకున్నవేనని నా అభిప్రాయం.

1960లో న్యూయార్క్ రాష్ట్రంలో రాల్ఫ్ ఆగ్డెన్, పీటర్ స్టెర్న్ అనే ఇద్దరు వ్యాపారవేత్తలు స్టార్మ్ కింగ్ కళాకేంద్రాన్ని ప్రారంభించారు. శిల్పి డేవిడ్ స్మిత్ తన ఉక్కు శిల్పాలను ఇంటి చుట్టూ పొలంలో నిలబెట్టుకునేవాడు. ఆయన మరణానంతరం 1967లో వారు ఆ శిల్పాలలో పదమూడింటిని కొనుగోలు చేసి తెచ్చారు. అప్పటి నుంచి కేంద్రం శిల్పాలతోపాటు నేలను కూడా తీర్చిదిద్దుకుంటూ వచ్చింది. ఎందుకంటే ఆ నేల అప్పటికే గాయపడి ఉంది. సమీపంలో వేసిన పెద్ద రహదారి కోసం అక్కడి నుంచి కంకర తవ్వి తీసుకుపోయారు. అలా మిగిలిన ఒక కంకర గుంతలోనే మాయా లిన్ మట్టి, గడ్డితో ఏడు వరుసల అలలు లేపారు. 2009లో జనానికి తెరిచిన ఆ పనిలో అలలు పది నుంచి పదిహేను అడుగుల ఎత్తు ఉంటాయి. వాటి మధ్య లోతట్టులో నడిచేవారికి పక్క వరుసలోని మనుషులు కనిపించరు. అంతకు ముందే, 1997-98లో ఆండీ గోల్డ్స్‌వర్తీ అదే ఆవరణలోని రాళ్లతో, సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా, చెట్ల మధ్య మెలికలు తిరిగే 2,278 అడుగుల గోడను కట్టించారు.

జపాన్‌లోని హకోనేలో 1969లో ఆరుబయటి ప్రదర్శనశాల తెరుచుకుంది. ఇంగ్లండ్‌లో 1977లో, బ్రెటన్ హాల్ కళాశాలలో ఉపన్యాసకుడిగా ఉన్న పీటర్ మర్రే కేవలం వెయ్యి పౌండ్ల గ్రాంటుతో మొదలుపెట్టిన చిన్న ప్రదర్శన నేడు దాదాపు 500 ఎకరాల యార్క్‌షైర్ శిల్ప వనంగా ఎదిగింది. మూర్, హెప్‌వర్త్ ఇద్దరూ పుట్టిపెరిగిన బొగ్గుగనుల ప్రాంతమది. అక్కడి పచ్చిక బయళ్లలో మూర్ కంచు శిల్పాల నీడన గొర్రెలు మేస్తాయి. మూర్ తన శిల్పాలకు కోరుకున్న పరిసరం కూడా అదే.

పల్లెసీమలోని విశాలమైన నేలలో శిల్పానికి పెద్దగా ఎదురు రాలేదు. నగరం నడిబొడ్డున కథ వేరు. 1981లో అమెరికా ప్రభుత్వం రిచర్డ్ సెర్రా చేత న్యూయార్క్‌లోని ఒక కార్యాలయ సముదాయం ముందు 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు గల వంపు తిరిగిన ఉక్కు గోడను నిలబెట్టించింది. పేరు ‘టిల్టెడ్ ఆర్క్’. రోజూ ఆ ఆవరణ దాటి పనికి వెళ్లే ఉద్యోగులు తమ దారి మూసుకుపోయిందని ఫిర్యాదు చేశారు. 1985 నాటి బహిరంగ విచారణలో మాట్లాడిన 180 మందిలో 122 మంది దాన్ని ఉంచాలనే అన్నారు. అయినా తొలగించాలనే తీర్మానం జరిగింది. ఆ స్థలం కోసమే చేసిన పనిని అక్కడి నుంచి కదిపితే అది నాశనమైనట్లేనని వాదించిన శిల్పికి కోర్టులలో ఊరట లభించలేదు. 1989 మార్చిలో ఒక రాత్రి దాన్ని విడగొట్టి తరలించారు. ఇందులో శిల్పిదీ ఉద్యోగులదీ చెరో న్యాయం. తప్పు అంతకు ముందే, అక్కడ పని చేసే వేలాదిమందితో ఒక్క మాటైనా సంప్రదించకుండా ఉత్తర్వు ఇచ్చినప్పుడే జరిగింది.

సరిగ్గా ఆ వివాదం నడుస్తున్న రోజుల్లోనే, అదే నగరంలో దానికి పూర్తి భిన్నమైన ప్రయత్నం ఒకటి మొదలైంది. క్వీన్స్ ప్రాంతంలో ఈస్ట్ రివర్ ఒడ్డున దాదాపు ఐదెకరాల స్థలం చాలా ఏళ్లుగా చెత్త దిబ్బగా పడి ఉండేది. ఎవరు పడితే వారు చట్టవిరుద్ధంగా లారీలతో వ్యర్థాలు తెచ్చి కుమ్మరించేవారు. సమీపంలోనే స్టూడియో ఉన్న శిల్పి మార్క్ డి సువెరో 1986లో తోటి కళాకారులను, ఇరుగుపొరుగు వారిని కూడగట్టి ఆ దిబ్బను శుభ్రం చేయించారు. 1960లో లిఫ్టు ప్రమాదంలో వెన్నెముక విరిగిన తరువాత వెల్డింగ్ నేర్చి, క్రేన్ నడుపుతూ భారీ ఉక్కు దూలాలతో శిల్పాలు చేసిన మనిషి ఆయన. ఆ స్థలానికి సోక్రటీస్ శిల్ప వనం అని పేరు పెట్టారు. శుభ్రం చేసే పనిలోనూ, తరువాతి నిర్వహణలోనూ స్థానికులకు ఉపాధి దొరికింది.

ఆ వనం ప్రత్యేకత ఏమిటంటే, అక్కడ శిల్పాలు ఉండటమే కాదు, తయారవుతాయి కూడా. పెద్ద స్టూడియో అద్దెకు తీసుకునే స్తోమత లేని యువ శిల్పులు వచ్చి, ఆరుబయటే కోసి, అతికి, నిలబెట్టి కొన్ని నెలలు ప్రదర్శించి, తరువాత తీసుకుపోతారు. కుక్కను తిప్పడానికి వచ్చినవారికి నిన్న లేని ఉక్కు చట్రం ఇవాళ కనిపిస్తుంది. పిల్లలకు ఉచిత శిల్ప శిక్షణ తరగతులు, వేసవి సాయంత్రాలలో ఆరుబయట సినిమా, రైతుల అంగడి, నదిలో పడవ నడిపే అవకాశం అన్నీ ఆ కొద్దిపాటి స్థలంలోనే సాగుతాయి. ఏడాది పొడవునా రుసుము లేకుండా తెరిచే ఉంటుంది. అయితే నది ఒడ్డు శుభ్రపడ్డాక ఆ భూమిపై నిర్మాణదారుల కన్ను పడింది. కళాకారులు, చుట్టుపక్కల నివాసులు దాన్ని కాపాడుకోవడానికి పూనుకున్నారు. చివరికి 1998లో అది నగరపు అధికారిక పార్కుగా గుర్తింపు పొందింది. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టమిదే. శిల్పాలు అర్థమయ్యాయా లేదా అన్న చర్చతో పనిలేకుండా, ఆ చోటు తమదని జనం భావించారు.

వాడిపారేసిన భూమిని బాగుచేసి శిల్ప వనంగా మార్చే పద్ధతి తరువాత ఊపందుకుంది. సియాటిల్‌లో ఒకప్పటి చమురు సంస్థ స్థావరం నుంచి కలుషితమైన మట్టిని టన్నుల కొద్దీ ఎత్తివేసి, రోడ్డునూ రైలు పట్టాలనూ దాటే ఏటవాలు దారితో తొమ్మిదెకరాల ఒలింపిక్ శిల్ప వనాన్ని 2007లో తెరిచారు. అక్కడా ప్రవేశం ఉచితమే.

తెరిచిన తరువాతి ఏళ్ల గురించి ప్రణాళిక పత్రాలు చాలా తక్కువ చెబుతాయి. కంచు శిల్పాన్ని క్రమం తప్పకుండా కడిగి మైనం పూయాలి. లేకపోతే వాన, పక్షుల రెట్టలు పైపొరను తినేస్తాయి. తనంతట తాను తుప్పు పట్టి ఆ పొరతోనే రక్షణ పొందే కార్టెన్ ఉక్కు సైతం నీరు నిలిచే చోట ఉంటే చిల్లులు పడుతుంది. దొంగతనాలు మరో బెడద. 2005 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని హెన్రీ మూర్ ఫౌండేషన్ ఆవరణ నుంచి రెండు టన్నులకు పైగా బరువున్న కంచు శిల్పాన్ని క్రేన్ లారీతో ఎత్తుకుపోయారు. దాని విలువ 30 లక్షల పౌండ్లు. కరిగించి తుక్కుగా అమ్మితే వచ్చేది దాదాపు 1,500 పౌండ్లు. 2011లో లండన్‌లోని డల్విచ్ పార్కు నుంచి హెప్‌వర్త్ శిల్పం మాయమైంది.

కొన్నిసార్లు శిల్పాన్ని అమ్మాలనుకునేది దాని యజమానే. మూర్ చేసిన ‘కూర్చున్న స్త్రీ’ని లండన్ కౌంటీ కౌన్సిల్ 1962లో కొని, తూర్పు లండన్‌లోని శ్రామికుల గృహ సముదాయంలో ఉంచింది. ఆ ఇళ్ల కూల్చివేత సందర్భంగా 1997లో దాన్ని యార్క్‌షైర్ శిల్ప వనానికి పంపారు. 2012లో నిధుల కొరత చూపి స్థానిక మండలి దాన్ని అమ్మకానికి పెట్టాలని నిర్ణయించగా తీవ్ర నిరసన వచ్చింది. పేదవాడ కోసం కొన్నదాన్ని వేలం వేస్తారా అని జనం అడిగారు. 2015లో కొత్త మేయర్ ఆ నిర్ణయాన్ని రద్దు చేశారు. 2017లో శిల్పం తూర్పు లండన్‌కు తిరిగి వచ్చింది. కాకపోతే దాన్ని అప్పుడు నిలిపిన చోటు కెనరీ వార్ఫ్‌లోని బ్యాంకుల భవనాల మధ్య.

ఇటీవలి కాలంలో ఈ చర్చ మొత్తాన్ని మలుపు తిప్పిన ఘటన 2017 మే నెలలో అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్‌లో జరిగింది. 1988లో తెరిచిన అక్కడి శిల్ప వనాన్ని పునరుద్ధరించి, మళ్లీ ప్రారంభించే సమయానికి సామ్ డ్యూరంట్ చేసిన ‘స్కాఫోల్డ్’ అనే పెద్ద కొయ్య కట్టడాన్ని నిలబెట్టారు. అమెరికా చరిత్రలోని ఏడు ఉరికంబాల నమూనాలను కలిపి చేసిన పని అది. వాటిలో ఒకటి 1862 డిసెంబరు 26న అదే రాష్ట్రంలోని మంకేటోలో డకోటా అనే ఆదివాసీ జాతికి చెందిన 38 మంది పురుషులను ఒకేసారి ఉరితీసిన వేదిక. మరణశిక్షను విమర్శించడమే శిల్పి ఉద్దేశం. కానీ ఆ మృతుల వారసులు నేటికీ అక్కడే జీవిస్తున్నారు. మెట్లెక్కి ఆడుకునే వస్తువులా పిల్లలు చూసే ఆ కట్టడం తమ తాతముత్తాతల ప్రాణాలు తీసిన యంత్రమని చెబుతూ వారు కంచె దగ్గర నిరసనకు దిగారు. డకోటా పెద్దలు, శిల్పి, ఆ వనం బాధ్యత చూసే ప్రదర్శనశాల అధికారులు కలిసి కూర్చుని మాట్లాడుకున్నారు. శిల్పి ఆ పనిపై తన హక్కులను డకోటా ప్రజలకు ఇచ్చేశారు. జూన్‌లో వారి పెద్దల ప్రార్థనలతో కట్టడాన్ని విప్పివేశారు. ముందు ఆ కొయ్యను కాల్చాలనుకున్నారు. తరువాత పెద్దలు వద్దని, భూమిలో పాతిపెట్టాలని నిర్ణయించారు.

ఇది కళాస్వేచ్ఛపై దాడి అని వాదించినవారు ఉన్నారు. ఆ వాదనను తేలికగా తీసివేయలేం. అయినా టిల్టెడ్ ఆర్క్ వ్యవహారంతో పోలిస్తే ఒక తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడ శిల్పి, సంస్థ, నొచ్చుకున్నవారు ఒకే గదిలో కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. ఆ తరువాత ప్రదర్శనశాల ఆదివాసీ కళాకారుల నుంచి ప్రతిపాదనలు ఆహ్వానించి, ఎంపిక బాధ్యతను ఆదివాసీ కళాకారులు, క్యూరేటర్లు (ప్రదర్శనలను రూపొందించేవారు) ఉన్న సంఘానికి అప్పగించింది. వారు ఎంచుకున్న డకోటా కళాకారిణి ఏంజెలా టూ స్టార్స్ పని 2021లో అదే వనంలో ప్రారంభమైంది. వలయాలుగా అమర్చిన ఆ నిర్మాణంలో జనం కూర్చోవచ్చు, డకోటా భాషలోని మాటలను చదవవచ్చు, వినవచ్చు.