64 మంది కౌంటీ: లవింగ్ పాలన నేపథ్యం

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం పడమటి భాగంలో, న్యూమెక్సికో సరిహద్దును ఆనుకొని ఉన్న లవింగ్ కౌంటీ (మన జిల్లా లాంటి పాలనా విభాగం) విస్తీర్ణం సుమారు 1,750 చదరపు కిలోమీటర్లు కాగా, 2020 జనగణనలో అక్కడ తేలినవారు 64 మంది. ఓటర్ల జాబితాలోని పేర్లు జనాభాను మించిపోవడం, వేరే ఊళ్లలో కాపురం ఉంటున్నవారు ఇక్కడ ఓటు వేయవచ్చా అన్న తగాదా తలెత్తడం అక్కడ మామూలే. ఆ తగాదాకు మూలం కౌంటీ తొలినాళ్లలోనే ఉంది.

1867లో పశువుల మందలను తోలుకెళ్తూ పేకోస్ నది దగ్గర కొమాంచీ అనే ఆదివాసీ తెగవారి దాడిలో గాయపడి, ఆ గాయాలతోనే మరణించిన ఆలివర్ లవింగ్ పేరిట 1887లో ఈ కౌంటీని టామ్ గ్రీన్ కౌంటీ నుంచి విడదీశారు. 1890లో ఇక్కడి జనాభా ముగ్గురు. అయినా పేకోస్ నీటిని కాలువకు మళ్లించి పొలాలు పారిస్తామన్న ఒక కంపెనీ చొరవతో 1893లో ఎన్నికలు జరిగి, మెంటోన్ కేంద్రంగా పాలన మొదలైంది. కాలువ పథకం నిలబడలేదు, ఎన్నికల్లో అక్రమాలు జరిగాయన్న ఆరోపణలు మాత్రం మిగిలాయి. 1897లో శాసనసభ ఆ పాలనను రద్దు చేసి, కౌంటీని నదికి ఆవలి రీవ్స్ కౌంటీకి జతచేసింది.

వాన తక్కువ, నేల ఎడారి, బావినీళ్లు ఉప్పన. 1910లో 249కి పెరిగిన జనాభా 1920 నాటికి 82కు పడిపోయింది. తాగునీటిని కూడా చాలాకాలం బయటినుంచి ట్యాంకర్లలో తెచ్చుకోవలసి వచ్చింది. 1920లలో చమురు పడకపోతే కౌంటీ పేరు పటంలో మిగిలేదా అన్నది అనుమానమే. ఆ చమురు బలంతోనే 1931లో పాలన రెండోసారి ఏర్పడింది. మెంటోన్ పేరు కొత్తచోటికి మారింది, 1935లో అక్కడ రెండంతస్తుల ఇటుక కోర్టుహౌసు లేచింది.

ఈ కోర్టుహౌసులో కేసుల విచారణ కంటే రోజువారీ పాలన పనే ఎక్కువ. కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు కలిసి బడ్జెట్టు, రోడ్లు, పన్ను రేటు తేలుస్తారు. మన జిల్లా పరిషత్తు సమావేశానికి కొంత దగ్గరి వ్యవస్థ అనుకోవచ్చు. చిన్న కౌంటీ కావడంతో పన్నుల వసూలు బాధ్యత కూడా కౌంటీ పోలీసు అధిపతి అయిన షెరీఫ్‌దే. టెక్సస్‌లో ఎన్నికల్లో గెలిచి షెరీఫ్ అయిన తొలి మహిళ ఎడ్నా రీడ్ 1940లలో ఇక్కడే పనిచేశారు. పిల్లలు లేక బడి మూతపడింది, ఉన్న కొద్దిమందీ పొరుగు కౌంటీలోని వింక్‌కు వెళ్తున్నారు.

షేల్ అనే రాతి పొరల నుంచి చమురు తీసే తవ్వకాలు జోరందుకున్నాక చమురు బావులు, ఖనిజ హక్కుల మీద వేసే ఆస్తిపన్ను కొండలా పెరిగింది. కానీ ఆ బావుల దగ్గర పగలూ రాత్రీ పనిచేసే వేలాదిమందిలో ఎక్కువమంది శిబిరాల్లో బస చేసి, సొంత ఊళ్లలో లెక్కకు వస్తారు. దాంతో భారీ ఖజానా మీద అధికారం పదుల సంఖ్యలోని ఓట్ల చేతిలో ఉండిపోయింది. 2005 ప్రాంతంలో ప్రభుత్వ జోక్యం వీలైనంత తక్కువ ఉండాలనే స్వేచ్ఛావాదుల బృందం ఒకటి ఇక్కడికి వలస వచ్చి, ఓట్లతో పాలనను చేజిక్కించుకోవాలని చూసింది. అది సాగలేదు గాని, నివాసం అంటే ఏమిటన్న ప్రశ్న ఇప్పటికీ ఎన్నికల వేళ మెంటోన్ కోర్టుహౌసు గడప తొక్కుతూనే ఉంది.