తాళంచెవి మనిషికా, కుర్చీకా?

కొత్త ప్రాజెక్టులో చేరిన రోజు యాక్సెస్ (ఏయే ఫైళ్ళు, సిస్టమ్‌లు వాడొచ్చన్న అనుమతి) రిక్వెస్ట్‌లో మనలో చాలామంది రాసేది ఒకే ముక్క: ‘మా టీంలో ఫలానావారికి ఉన్న యాక్సెస్సే నాకూ ఇవ్వగలరు.’ ఆ ఫలానావారు అప్పటికే మూడు టీంలు తిరిగి వచ్చుంటారు. పాత తాళంచెవులు ఎవరూ వెనక్కి అడిగి ఉండరు. ఇప్పుడవి మన జేబులోకీ వస్తాయి. ఈ తంటా ఉండకూడదనే ‘రోల్’ పుట్టింది: అనుమతులు మనిషికి కాదు, అతను కూర్చున్న కుర్చీకి.

కథ 1961లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం నుంచి మొదలవుతుంది. ఫెర్నాండో కార్బాటో బృందం చేసిన సీటీఎస్‌ఎస్ అనే వ్యవస్థలో ఒకే కంప్యూటర్‌ని చాలామంది పంచుకునేవారు. ఎవరి ఫైళ్ళు వారివి కావాలి కాబట్టి పాస్‌వర్డ్‌లు పెట్టారు. 1966లో ఒకరోజు, లాగిన్ అయిన ప్రతివారికీ ఆనాటి సందేశం బదులు అందరి పాస్‌వర్డ్‌లూ తెరమీద బారులు తీరాయి. నిర్వాహకులు ఇద్దరు ఒకే సమయంలో ఎడిటర్ తెరిచారు, ఒకరు పాస్‌వర్డ్‌ల ఫైలు దిద్దడానికి, మరొకరు ఆ సందేశం దిద్దడానికి. తాత్కాలిక ఫైళ్ళ పేర్లు ఒకటే కావడంతో ఒకటి రెండోదాని చోట్లోకి వెళ్ళిపోయింది. అంతే!

తర్వాత వచ్చిన మల్టిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రతి ఫైలుకూ, ఎవరు దాన్ని ఏం చేయొచ్చో చెప్పే జాబితా తగిలించింది. ఆ తర్వాతి ఆపరేటింగ్ సిస్టమ్ యూనిక్స్ ఆ జాబితాని తొమ్మిది అక్షరాలకు కుదించింది. యజమాని, గ్రూపు, మిగతావారు. ఒక్కొక్కరికీ చదవడం, రాయడం, నడపడం. వీటిలో దేనికీ లొంగనివాడు రూట్, అంటే సర్వాధికారాలూ ఉన్న నిర్వాహకుడి ఖాతా. పని ఆగినప్పుడల్లా 777 (అందరికీ అన్ని అనుమతులూ) కొట్టేసి ఊపిరి పీల్చుకునే మన అలవాటుకి మూలం ఇక్కడే ఉంది.

1983లో అమెరికా రక్షణ శాఖ తెచ్చిన కంప్యూటర్ భద్రతా ప్రమాణాల పుస్తకం ఆరెంజ్ బుక్ దృష్టంతా ముఖ్యంగా రహస్యం మీదే: ఈ కాగితం ఎవరి కంట పడకూడదు? వ్యాపారాలకి అసలు బెంగ అది కాదని 1987లో క్లార్క్, విల్సన్ అనే ఇద్దరు ఒక పరిశోధనా పత్రంలో చెప్పారు. లెక్క తారుమారు కాకూడదు. అందుకు ఒకే చేతిలో పనంతా ఉండకూడదు. మన ఊళ్ళకి ఇది కొత్తేమీ కాదు. లెక్క రాసేది కరణం, శిస్తు వసూలు చేసేది మునసబు. కాకపోతే ఆ పదవులు వంశపారంపర్యం కావడంతో కుర్చీనీ మనిషినీ విడదీయడం కుదరలేదు. చివరికి 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం వాటిని రద్దు చేసింది.

ఆ విడదీయడాన్ని సాఫ్ట్‌వేర్ కోసం సూత్రబద్ధం చేసింది 1992లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌కి చెందిన డేవిడ్ ఫెరాయిలో, రిచర్డ్ కూన్. అనుమతులు రోల్‌కి ఇవ్వాలి, మనిషికి రోల్ ఇవ్వాలి. ఆస్పత్రిలో నర్సు వార్డు మారితే పాత రోల్ తీసి కొత్తది తగిలిస్తే చాలు. వందల అనుమతుల్ని వెతికి పీకక్కర్లేదు. 1996లో రవి సంధు, మరో ముగ్గురు కలిసి దీనికి అంతస్తులూ, ఆంక్షలూ చేర్చారు. ఈ రెండు రోల్స్ ఒకే మనిషికి ఉండకూడదు అన్నది ఆ ఆంక్షల్లో ఒకటి. నా లెక్కలో మొత్తం కథకి ఇదే ఆయువుపట్టు. అంతకు ముందు ఏడాదే సింగపూర్‌లో నిక్ లీసన్ ట్రేడింగూ తనే చేసి, దాని సెటిల్‌మెంటూ తనే చూసుకుని, 82.7 కోట్ల పౌండ్ల నష్టంతో తను పనిచేసే బ్రిటన్ బ్యాంకు బేరింగ్స్‌ని ముంచాడు. మన బ్యాంకుల్లో మేకర్ (లావాదేవీ నమోదు చేసేవారు), చెకర్ (దాన్ని సరిచూసి ఆమోదించేవారు) వేర్వేరుగా ఉండేది ఇందుకే.

2004లో ఈ రోల్ పద్ధతి (దీన్నే ఆర్‌బీఏసీ అంటారు) అమెరికా ప్రమాణం అయింది. ఆ తర్వాత రోల్సే పుట్టగొడుగులయ్యాయి. ‘బిల్లింగ్ వ్యూయర్’ చాలదని ‘బిల్లింగ్ వ్యూయర్ టూ’, అదీ చాలక ‘టెంపరరీ’ అని మరొకటి. ఆ టెంపరరీకి అయిదేళ్ళు నిండినా ఎవరూ ముట్టుకోరు.

వీటిని ఏరివేయడానికే మూడు నెలలకోసారి మేనేజర్‌కి యాక్సెస్ రివ్యూ మెయిల్ వస్తుంది. రెండొందల వరుసలు, ఎవరికీ అర్థంకాని రోల్ పేర్లు, ఎదురుగా టిక్ పెట్టే గడి. గడువు సాయంత్రం ఆరింటికి. అయిదు యాభైకి ఆయన ‘సెలెక్ట్ ఆల్’ నొక్కి, ‘అప్రూవ్’ కొడతారు.