మూడు లక్షల స్కోప్‌లో అదనంగా కనిపించేది ఏమిటి?

విశాఖ ఔటర్ హార్బర్ బయట లంగరు వేసుకుని నిలబడే ఓడల పేర్లు బీచ్ రోడ్డు మీద నుంచి చదవాలంటే ఎలాంటి స్పాటింగ్ స్కోప్ (ట్రైపాడ్ మీద పెట్టి దూరంగా ఉన్నవాటిని చూసే చిన్న టెలిస్కోప్) కావాలి? లెక్క చిన్నదే. ఓడ 5 కిలోమీటర్ల దూరంలో ఉందనీ, పేరులో ఒక్కో అక్షరం మీటరు ఎత్తు ఉందనీ అనుకుందాం. ఆ అక్షరం మన కంటి దగ్గర చేసే కోణం సుమారు 41 ఆర్క్ సెకన్లు. డిగ్రీని 3,600 భాగాలు చేస్తే ఒక భాగం ఒక ఆర్క్ సెకను. మంచి చూపున్న మనిషి అక్షరాన్ని గుర్తుపట్టడానికి 300 ఆర్క్ సెకన్లు కావాలి. అంటే 8 రెట్ల బైనాక్యులర్ ఉన్నా కష్టపడి చదివేయొచ్చు, 20 రెట్ల స్కోప్‌లో అయితే సుఖంగా కనిపిస్తుంది. ఓడలు చూసుకోవడానికే అయితే లక్షలు పోయడం దండగ.

పిట్టల దగ్గరికొచ్చేసరికి సంగతి మారుతుంది. శీతాకాలంలో భీమిలి దగ్గర గోస్తనీ సముద్రంలో కలిసే చోట ఇసుక మీద పరుగులు తీసే చిన్న ప్లోవర్ల కాళ్లకు ఒక్కోసారి పరిశోధకులు కట్టిన రంగు పట్టీలుంటాయి, వాటి మీద అక్షరాలుంటాయి. అక్షరం 5 మిల్లీమీటర్లు, అందులో గీత మందం 1 మిల్లీమీటరు అనుకోండి. 100 మీటర్ల దూరంలో ఆ గీత 2 ఆర్క్ సెకన్లే. 80 మిల్లీమీటర్ల లెన్స్ విడదీసి చూపగలిగిన అతి సన్నని తేడా 1.45 ఆర్క్ సెకన్లు. 116ని లెన్స్ వ్యాసంతో భాగిస్తే వచ్చే ఈ హద్దు కాంతి తరంగం కాబట్టి వచ్చింది, కంపెనీ వల్ల వచ్చింది కాదు. పిట్ట 200 మీటర్లకు జరిగిందంటే గీత 1 ఆర్క్ సెకనుకు పడిపోతుంది. అప్పుడు 80 మిల్లీమీటర్ల స్కోప్ ఏ కంపెనీదైనా, ఎంత పెట్టి కొన్నా ఆ అక్షరం అందదు.

అదే లెక్క ఇంకో సంగతి కూడా చెబుతుంది. ఈ 1.45ని కన్ను ఒక్కో గీతను విడదీయగల 60 ఆర్క్ సెకన్ల దాకా పెంచడానికి 40 రెట్లు చాలు. ఆ తర్వాత 60 రెట్లకు జూమ్ చేస్తే బొమ్మ పెద్దదవుతుంది, కంటికి కాస్త సుఖంగా ఉంటుంది, కొత్త వివరం మాత్రం పెద్దగా రాదు. పైగా కన్ను పెట్టి చూసే ఐపీస్ నుంచి బయటికొచ్చే కాంతి కట్ట 20 రెట్ల దగ్గర 4 మిల్లీమీటర్లుంటే, 60 రెట్ల దగ్గర 1.3 మిల్లీమీటర్లకు సన్నబడి బొమ్మ మసకబారుతుంది. డబ్బా మీద పెద్దక్షరాల్లో వేసే జూమ్ అంకెను చూసి కొనడమంత తెలివితక్కువ పని లేదు.

మరి 50 వేల నుంచి లక్ష దాకా ఉన్న మధ్యరకం స్కోప్‌కీ, మూడు లక్షలు దాటే స్వరోవ్‌స్కీ, జైస్, లైకా, కోవా పైమోడళ్లకీ తేడా ఎక్కడ? మొదటిది గాజులో. నీలం, ఎరుపు కాంతులు గాజులో వేరువేరుగా వంగుతాయి. అందుకే తెల్లటి సీగల్ ఆకాశానికి ఎదురుగా నిలబడితే రెక్క అంచున ఊదారంగు గీత కనిపిస్తుంది. గాజుకున్న ఈ చెదరగొట్టే గుణాన్ని ఆబె సంఖ్యతో కొలుస్తారు, సంఖ్య ఎంత ఎక్కువైతే చెదరడం అంత తక్కువ. మామూలు క్రౌన్ గాజుకు అది 64, ఫ్లోరైట్ స్ఫటికానికి 95. కోవా 88 మిల్లీమీటర్ల మోడల్‌లో వాడేది ఈ ఫ్లోరైట్‌నే. మధ్యరకం స్కోపుల మీద ఈడీ (రంగుల్ని తక్కువగా చెదరగొట్టే గాజు) అని రాసుంటుంది గానీ, 81 ఉన్న గాజూ ఈడీనే, 95 ఉన్నదీ ఈడీనే. 25 రెట్ల దగ్గర ఈ తేడా పట్టుకోవడం కష్టం. 50 దాటాక ఖరీదైన దాంట్లో పిట్ట నల్ల ముక్కు నల్లగానే ఉంటుంది, మధ్యరకంలో దాని చుట్టూ పలచటి ఊదా పొర చేరుతుంది.

రెండో తేడా కోటింగ్‌లో. పూత లేని గాజు ఉపరితలం 4 శాతం కాంతిని వెనక్కి కొడుతుంది. స్కోప్‌లో అలాంటి ఉపరితలాలు 16 ఉన్నాయనుకుంటే సగం కాంతే కంటికి చేరుతుంది. 1935లో జైస్‌లో పనిచేసే అలెగ్జాండర్ స్మకులా ఈ ప్రతిబింబాన్ని తగ్గించే పూతకు పేటెంట్ తీసుకున్నాడు. పూతతో ఒక్కో ఉపరితలం దగ్గర నష్టం అర శాతానికి తగ్గితే 92 శాతం కాంతి కంటికి అందుతుంది, పావు శాతానికి తగ్గితే 96 శాతం. 92కీ 96కీ వెలుగులో తేడా కన్ను దాదాపు గుర్తుపట్టలేదు. బ్రోచర్లలో ఈ శాతాల గొప్పలు చూసి నేనైతే నవ్వుకుంటాను.

కానీ వెనక్కి తిరిగిన ఆ కాంతి ఎక్కడికి పోతుంది? గొట్టం లోపలే తిరిగి తిరిగి బొమ్మ మీద తెల్లటి తెరలా పరుచుకుంటుంది. విశాఖలో ఇది చాలా ముఖ్యం. మన తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంది. పిట్టలొచ్చే చలికాలంలో పొద్దున సూర్యుడు సముద్రం మీద నుంచి దాదాపు మన మొహం మీదికే వస్తాడు. ఇసుక వేడెక్కక ముందు, గాలి నిలకడగా ఉండే సమయం కూడా అదే. ఆ ఎదురు వెలుగులో మధ్యరకం స్కోప్ పెడితే పిట్ట బూడిదరంగు నీడలా మిగిలిపోతుంది. లోపలి గొట్టానికి నల్లరంగు సరిగ్గా వేసి, దారితప్పిన కాంతిని ఆపే అడ్డుపట్టీలు కుదురుగా పెట్టిన ఖరీదైన దాంట్లో ఛాతీ మీద పట్టీ ఏ రంగో చెప్పొచ్చు. మూడు లక్షల స్కోప్ తన ధరకు న్యాయం చేసే చోటు ఇదేనని నా అభిప్రాయం.

పొద్దున పది గంటలు దాటాక కథ వేరు. ఇసుక మీద నుంచి లేచే వేడిగాలి పొరలు కాంతిని అటూ ఇటూ వంచుతాయి, పిట్ట కాళ్లు నీళ్లలో ఊగుతున్నట్టుంటాయి. సముద్రపు తేమ, ఉప్పు తుంపర దూరాన్ని పాలిపోయేట్టు చేస్తాయి. అప్పుడు రెండు స్కోపులూ ఒకటే. "మూడు లక్షలకి ఏం కనిపిస్తుంది గురూ?" అని మిట్టమధ్యాహ్నం ఆర్కే బీచ్‌లో అడిగినవాడికి నిజాయితీగా చెప్పాల్సిన జవాబు "నీకు కనిపించేదే" అని.

మధ్యరకంలో ఇంకో చిక్కుంది. ఒకే మోడల్‌లో ఒక పీస్ అద్భుతంగా ఉంటుంది, ఇంకోటి లెన్సులు కుదురుగా కూర్చోక తేలిపోతుంది. ఖరీదైన వాటిలో ఒక్కో పీస్‌నూ ఎక్కువ జాగ్రత్తగా పరీక్షిస్తారు, ధరలో కొంత దానికే పోతుంది. ఇంట్లో మనమే చూసుకోవచ్చు. మబ్బు లేని రాత్రి ఒక నక్షత్రం మీద ఎక్కువ జూమ్‌లో గురిపెట్టి, ఫోకస్‌ను కొంచెం ఇటు, కొంచెం అటు తిప్పాలి. రెండు వైపులా ఒకే కేంద్రం ఉన్న గుండ్రటి వలయాలు రావాలి. వలయాలు ఒక పక్కకు ఒరిగినా, ఫోకస్‌లో చుక్క తోకలా సాగినా ఆ పీస్ వాపస్ ఇచ్చేయడమే మేలు. అందుకే వాపస్ గడువు ఎన్ని రోజులో బేరానికి ముందే అడగాలి.

ట్రైపాడ్ గురించి ఒక్క మాట. సముద్రపు గాలికి ఊగే రెండు వేల రూపాయల ట్రైపాడ్ మీద ఏ స్కోప్ పెట్టినా 40 రెట్ల దగ్గర అన్నీ వణుకుతాయి. బడ్జెట్ గట్టిగా ఉంటే స్కోప్‌లో ఒక మెట్టు దిగి, ఆ డబ్బు ట్రైపాడ్‌కు పెట్టండి.

ఇక మన ఊళ్లో అసలు శత్రువు తేమకు లెన్సుల మీద పట్టే ఫంగస్. లోపల నైట్రోజన్ గానీ ఆర్గాన్ గానీ నింపి సీల్ చేసిన స్కోప్ మాత్రమే కొనండి, మధ్యరకంలోనూ ఇవి దొరుకుతున్నాయి. బీచ్ నుంచి రాగానే ఉప్పు పట్టిన లెన్స్‌ను పొడిగుడ్డతో రుద్దకూడదు, ఉప్పు కణాలు కోటింగ్‌ను గీకేస్తాయి. ముందు మంచినీళ్లతో తడిపిన మెత్తటి గుడ్డతో అద్దాలి. ఆరాక గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టాలి. వానాకాలంలో ఆ జెల్ తొందరగా తేమ పీల్చేసుకుంటుంది, రంగు మారగానే ఎండబెట్టడమో మార్చడమో చేయాలి.